ఆపగలరు, తేలేరు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ఎంపికలో అభిమానుల బలమెంత?

2023 నవంబరు 25, శనివారం. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ జట్టు లూసియానా వెళ్ళి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 42-30తో ఓడింది. అప్పటికే ఆ జట్టుకు పూర్తిస్థాయి హెడ్ కోచ్ లేడు. రెండు వారాల కిందటే జింబో ఫిషర్‌ను తీసేశారు. ఆ రాత్రి కొత్త కోచ్ పేరు బయటికి పొక్కింది: కెంటకీ కోచ్ మార్క్ స్టూప్స్. బేరం దాదాపు కుదిరిపోయిందన్నారు. అంతే, అభిమానులూ పాత విద్యార్థులూ విరుచుకుపడ్డారు. ఆ సెగ యూనివర్సిటీ పాలకమండలి దాకా పాకింది. తెల్లారేలోగా స్టూప్స్ తాను కెంటకీలోనే ఉంటున్నట్టు చెప్పేశారు. రెండు రోజులు తిరక్కుండా డ్యూక్ కోచ్ మైక్ ఎల్కో ఖాయమయ్యారు.

ఎంఎస్ చదవడానికి ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్‌కో అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసాకో వెళ్ళిన తెలుగు పిల్లలకు శనివారాల్లో ఊరు ఊరంతా ఎందుకు స్టేడియం వైపు కదులుతుందో మొదటి నెలలోనే తెలిసిపోతుంది. ఏ అండ్ ఎం వారి కైల్ ఫీల్డ్‌లో లక్షమందికి పైగా కూర్చుంటారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతాల పట్టికలో మొదటి పేరు గవర్నరుది కాదు, ఫుట్‌బాల్ కోచ్‌ది. మరి ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు జరిగే వాదనలో అభిమానుల మాటకు ఏపాటి విలువ ఉంది?

జరిగినవి చూస్తే ఒకటి స్పష్టం. వద్దన్నవాణ్ణి రాకుండా చేయడం అభిమానుల చేతిలో ఉంది. కావాలన్నవాణ్ణి తేవడం మాత్రం చాలా అరుదు. తెచ్చుకున్నా ఆ పేరు చూసి ఫలితం చెప్పలేం.

ఆపడంలో పెద్ద ఉదాహరణ టెనెసీ. 2017లో ఆ జట్టు 4 గెలిచి 8 ఓడింది. తమ ఎస్‌ఈసీ లీగ్‌లో ఆడిన ఎనిమిదీ ఓడింది. బుచ్ జోన్స్‌ను నవంబరు 12న తీసేశారు. అభిమానుల నోట ఏళ్ళ తరబడి ఒకే పేరు, ఒకప్పటి ప్రొఫెషనల్ లీగ్ కోచ్ జాన్ గ్రూడెన్. అది పుకారుగానే మిగిలింది. నవంబరు 26 ఆదివారం నాడు యూనివర్సిటీ క్రీడావిభాగం అధిపతి (అథ్లెటిక్ డైరెక్టర్) జాన్ కరీ, గ్రెగ్ షియానోతో ఒప్పందం దాకా వచ్చినట్టు తెలిసింది. షియానో ఒకప్పుడు పెన్ స్టేట్‌లో సహాయ కోచ్. అక్కడి మరో సహాయ కోచ్ జెర్రీ శాండస్కీ పిల్లలపై చేసిన లైంగిక అత్యాచారాల కేసు వాంగ్మూలాల్లో ఒకచోట ఆయన ప్రస్తావన వినికిడి మాటగా వచ్చింది. ఆయన దాన్ని ఖండించారు, ఆయనపై ఏ అభియోగమూ లేదు. అయినా మధ్యాహ్నానికల్లా నిరసనకారులు పోగయ్యారు, క్యాంపస్‌లోని పెద్ద బండరాయి మీద నినాదాలు రాశారు, రాష్ట్ర శాసనసభ్యులు కూడా గొంతు కలిపారు. సాయంత్రానికి ఒప్పందం చచ్చిపోయింది. తర్వాత కొందరు కోచ్‌లను కదిపినా ఎవరూ కుదరలేదు. డిసెంబరు 1న కరీనే పక్కన పెట్టి, పాత కోచ్ ఫిలిప్ ఫుల్మర్‌ను డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన డిసెంబరు 7న జెరెమీ ప్రూయిట్‌ను తెచ్చారు.

ప్రూయిట్ మైదానంలో 16 గెలిచి 19 ఓడారు. 2021 జనవరిలో ఉద్యోగం పోయింది. ఆటగాళ్ళను రప్పించడంలో జరిగిన అక్రమాలపై 2023లో కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ తీర్పు వచ్చింది: అత్యంత తీవ్రమైన తరగతి ఉల్లంఘనలు 18, యూనివర్సిటీకి 80 లక్షల డాలర్లకు పైగా జరిమానా, 11 విజయాల రద్దు. ఒకణ్ణి ఆపిన ఊపులో తలుపు తోసుకుని ఎవరొచ్చారో చూసుకోలేదన్నమాట.

ఏ అండ్ ఎం కథ ఇందుకు తలకిందులు. వద్దన్న స్టూప్స్ కెంటకీలో 2024లో 4-8 (4 గెలుపులు, 8 ఓటములు), 2025లో 5-7 చేసి ఉద్యోగం పోగొట్టుకున్నారు. వచ్చిన ఎల్కో మొదటి ఏడు 8-5, రెండో ఏడు వరసగా 11 గెలిచి, ఆ యూనివర్సిటీ చరిత్రలో మొదటిసారి జట్టును జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు చేర్చారు. అలాగని అభిమానులు 2023లోనే ఇదంతా పసిగట్టారనుకుంటే పొరపాటు. వాళ్ళ అభ్యంతరం స్టూప్స్ ఆ ఏడు 7-5 దగ్గర ఉన్నారని. ఆయన పనిచేసింది బాస్కెట్‌బాల్ రాజ్యంలో. 2018లో ఆయన సాధించిన పది విజయాలు కెంటకీకి 1977 తర్వాత మొదటివి. ఆ అంకెను ఆ రాత్రి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వాదన తప్పు, ఫలితం ఒప్పు. అలా జరుగుతూంటుంది.

ఇక తేవడం సంగతి. దీనికి మొదటి అడ్డు క్యాలెండరు.

సీజన్ మ్యాచ్‌లు పన్నెండూ నవంబరు చివరి శనివారానికి ముగుస్తాయి. హైస్కూలు ఆటగాళ్ళు సంతకాలు చేసే మొదటి గడువు డిసెంబరు మొదటి బుధవారం (2025లో డిసెంబరు 3). ఆ రోజుకు కోచ్ లేకపోతే రెండేళ్ళుగా వెంటపడి ఒప్పించిన పిల్లలు వేరే దారి చూసుకుంటారు. కోచ్ మారిన జట్టు ఆటగాళ్ళకు, వేరే యూనివర్సిటీకి మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ప్రత్యేకంగా తెరుచుకుంటుంది కాబట్టి ఉన్నవాళ్ళూ నిలుస్తారన్న హామీ లేదు. అందుకే ఇప్పుడు తీసేయడాలు అక్టోబరుకే మొదలవుతున్నాయి. 2025లో పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను అక్టోబరు 12న, ఫ్లోరిడా బిల్లీ నేపియర్‌ను 19న, ఎల్‌ఎస్‌యూ బ్రయాన్ కెల్లీని 26న పంపేశాయి. వరసగా మూడు ఆదివారాలు. అందరూ ముందుగా బజారుకు వెళ్ళాలనుకుంటే ఏమవుతుంది? సరుకు అదే, కొనేవాళ్ళు పెరిగారు, ధర పెరిగింది.

పైగా ఆ సరుకు ఇంకొకరి దుకాణంలో ఉంటుంది. మంచి కోచ్ అంటే గెలుస్తున్నవాడు, గెలుస్తున్నవాడంటే డిసెంబరులో ఇంకా ఆడుతున్నవాడు. లేన్ కిఫిన్ 2025లో ఓల్ మిస్‌ను (మిసిసిపీ యూనివర్సిటీ) 11-1తో ప్లేఆఫ్ గుమ్మం దాకా తెచ్చి, నవంబరు 30న ఎల్‌ఎస్‌యూకు వెళ్ళారు. ప్లేఆఫ్ పూర్తిచేసి వెళ్తానంటే ఓల్ మిస్ ఒప్పుకోలేదు. డిఫెన్స్ చూసే పీట్ గోల్డింగ్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. తులేన్ కోచ్ జాన్ సమ్రల్ విషయంలో ఇంకోలా జరిగింది: ఫ్లోరిడా ఉద్యోగం ఒప్పుకున్నాక కూడా ప్లేఆఫ్‌లో తులేన్‌నే నడిపించారు. తమాషా ఏమిటంటే ఈ రెండు జట్లే మొదటి రౌండ్లో తలపడ్డాయి. కోచ్ వెళ్ళిపోయిన ఓల్ మిస్ 41-10తో గెలిచింది. హెడ్ కోచ్ ఒక్కడి వల్లే అంతా నడుస్తుందని వాదించేవారు ఈ స్కోరును ఓసారి తలచుకోవాలి.

రెండో అడ్డు డబ్బు. కొత్త కోచ్ జీతం మాత్రమే చూస్తే లెక్క సగమే తెలుస్తుంది. కుర్చీ మారాలంటే కట్టవలసినవి మూడు రకాలు: తీసేసిన కోచ్‌కు మిగిలిన ఒప్పందం సొమ్ము, కొత్త కోచ్‌ను వదిలినందుకు ఆయన పాత యూనివర్సిటీకి పరిహారం, రెండు వైపులా సహాయ కోచ్‌ల ఒప్పందాలు. మొదటి రెంటినీ బయౌట్ అనే అంటారు. అదే మాట రెండు దిక్కులా వాడటంతో వాదనల్లో గందరగోళం. అలబామా 2024 జనవరిలో కేలన్ డిబోర్‌ను తెచ్చుకున్నప్పుడు వాషింగ్టన్‌కు వెళ్ళింది రెండో రకం బయౌట్, దాదాపు 1.2 కోట్ల డాలర్లు. ఫిషర్‌కు ఏ అండ్ ఎం బాకీపడింది మొదటి రకం, 7.6 కోట్ల డాలర్లకు పైనే.

ఈ ఫిషర్ ఒప్పందాన్ని కాస్త దగ్గరగా చూడాలి. 2017 డిసెంబరులో పదేళ్ళకు 7.5 కోట్ల డాలర్లు, మొత్తం హామీతో. 2021లో దాన్ని 2031 దాకా పొడిగించారు. తీసేశాక 60 రోజుల్లో 1.92 కోట్లు, ఆ తర్వాత 2031 దాకా ఏటా 72 లక్షలు. ఆయన వేరే ఉద్యోగం చేసుకున్నా ఇందులో ఒక్క డాలరు తగ్గదు, ఎందుకంటే తగ్గింపు షరతు ఒప్పందంలో లేదు. ఆ షరతు ఉంటే ఎలా ఉంటుందో పెన్ స్టేట్ చూపించింది. ఫ్రాంక్లిన్‌కు ఆ యూనివర్సిటీ బాకీ 4.9 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉండేది. కొత్త జీతాన్ని అందులోంచి మినహాయించుకునే వీలుంది. నవంబరులో ఆయన వర్జీనియా టెక్‌కు వెళ్ళడంతో 90 లక్షలకు తేలిపోయింది. ఒక్క షరతు విలువ నాలుగు కోట్ల డాలర్లు.

ఇలాంటి ఒప్పందాలు ఎలా పుడతాయంటే, ఎవరో పెద్ద యూనివర్సిటీ తన కోచ్ మీద కన్నేసిందన్న పుకారుతో. పేరు వినపడగానే ఇక్కడ జీతం పెంచుతారు, గడువు పొడిగిస్తారు. పేరున్న కోచ్‌లు చాలామంది ఒకే ఏజెంటు, జిమ్మీ సెక్స్టన్, చేతిలో ఉన్నారు. అంటే ఖాళీ అయిన కుర్చీకీ, దానికి వినిపించే పేర్లకూ, ఆ పేర్ల వల్ల జీతం పెరిగే కోచ్‌కూ మధ్య తరచూ మనిషి ఒక్కడే. అందుకని వార్తల్లో కనిపించే పదిమంది జాబితాను అభ్యర్థుల జాబితాగా చదవకూడదు. అందులో సగం జీతం పెంచమని రాసుకున్న అర్జీలు.

అభిమానులు తాము కోరినవాణ్ణే దక్కించుకున్న సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. నెబ్రాస్కాకు స్కాట్ ఫ్రాస్ట్. ఆ రాష్ట్రంలోనే పుట్టి పెరిగినవాడు, 1997 ఛాంపియన్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు), 2017లో సెంట్రల్ ఫ్లోరిడాను ఓటమి లేకుండా నడిపించినవాడు. ఊరి అల్లుడు కాదు, ఊరి కొడుకే. 2018 సీజన్‌కు వచ్చారు, 16 గెలిచి 31 ఓడి 2022 సెప్టెంబరు 11న వెళ్ళారు. ఇంకో మూడు వారాలు ఆగితే, అక్టోబరు 1 నాటికి, ఆయనకు ఇవ్వాల్సింది దాదాపు 1.5 కోట్ల డాలర్ల నుంచి సగానికి పడిపోయేది. ఆగలేదు. మిషిగన్ మాత్రం ఇలాగే తన పాత క్వార్టర్‌బ్యాక్ జిమ్ హార్బాను 2014 డిసెంబరులో తెచ్చుకుంది. ఆరేళ్ళ తర్వాత 2-4 సీజన్ చూసి జీతం బాగా కోసింది. ఆపైన మూడేళ్ళు వరసగా లీగ్ టైటిల్, 2023లో జాతీయ టైటిల్ వచ్చాయి. సొంత ఊరివాడు అన్న అర్హత ఇద్దరికీ ఉంది. ఫలితాలకూ ఆ అర్హతకూ సంబంధం కనిపించదు.

ఫ్రాస్ట్ రికార్డులో ఇంకో పాఠం ఉంది. ఒక్క టచ్‌డౌన్ తేడాలోపు, అంటే ఎనిమిది పాయింట్లలోపు తేలిన మ్యాచ్‌లలో ఆయన 5 గెలిచి 22 ఓడారు. 2021లో జట్టు 3-9. అయినా సీజన్ మొత్తంలో చేసిన పాయింట్లు ఇచ్చినవాటికంటే ఎక్కువ. ఇలాంటి దగ్గరి మ్యాచ్‌లలో చాలా జట్లు దీర్ఘకాలంలో సగానికి సగం దగ్గర తేలుతాయి. అందుచేత కొత్త కోచ్ కోసం చూసేటప్పుడు, 9-3 అని ఉంటే అందులో దగ్గరి మ్యాచ్‌లు ఎన్నో విడదీయాలి. అయిదుకు అయిదూ గెలిచిన 9-3 వేరు, రెండు గెలిచి మూడు ఓడిన 9-3 వేరు. మొదటివాడు మరుసటి ఏడాది జారవచ్చు, రెండోవాడు ఎదగవచ్చు. మరీ 5-22 అయితే దురదృష్టం ఒక్కటే కారణమనలేం. కిక్కింగ్, గడియారం లెక్క, నాలుగో డౌన్ (చివరి ప్రయత్నం) నిర్ణయాలు అన్నీ అందులో కలిసి ఉంటాయి. అక్కడ వీడియో చూడక తప్పదు.

తర్వాత చూడవలసింది, ఉన్న సరంజామాతో ఏం చేశాడన్నది. దీనికి కర్ట్ సిగ్నెట్టి కంటే మంచి ఉదాహరణ ఇప్పట్లో దొరకదు. 2023 నవంబరు 30న ఇండియానా ఆయన్ను తీసుకున్నప్పుడు ఆయన వయసు 62. అప్పటికి దేశంలో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన చరిత్ర ఇండియానాది. ఆ ఏడు 3-9. సిగ్నెట్టిది జేమ్స్ మాడిసన్‌లో 52-9 రికార్డు. అంతకు ముందు ఇంకా చిన్న జట్లు. పెద్ద లీగ్‌లో హెడ్ కోచ్‌గా ఒక్క రోజూ చేయలేదు. అభిమానుల జాబితాల్లో ఇలాంటి పేరు అయిదో వరసలో ఉంటుంది. 2024లో 11-2. 2025లో 16-0, జాతీయ టైటిల్. దారిలో రోజ్ బౌల్ అనే ప్లేఆఫ్ మ్యాచ్‌లో డిబోర్ గారి అలబామాను 38-3తో చిత్తు చేశారు. (ఆ డిబోర్ 2019లో ఇండియానాలోనే అఫెన్స్ కోఆర్డినేటర్, అంటే హెడ్ కోచ్ కింద దాడి చూసే సహాయ కోచ్.)

ఆయన విషయంలో కాగితం మీద ముందే కనిపించినవి రెండు. ఒకటి, వెళ్ళిన ప్రతిచోటా జట్టు పాత స్థాయి కంటే పైకి లేచింది. పదవి పెరిగినప్పుడల్లా అదే జరిగింది. రెండోది, ఆయనతోపాటు మనుషులు కదిలారు. డిఫెన్స్ చూసే బ్రయంట్ హెయిన్స్, అఫెన్స్ చూసే మైక్ షానహాన్, వ్యాయామ కోచ్, జేమ్స్ మాడిసన్ ఆటగాళ్ళు డజనుకు పైగా. పద్ధతి తెలిసినవాళ్ళు డజనుమంది డ్రెసింగ్ రూములో ఉంటే కొత్త కోచ్ మొదటి వసంతకాలపు శిక్షణ భాష నేర్పడంలోనే అయిపోదు, నేరుగా ఆట దగ్గరికి పోతుంది. ప్లేబుక్ మారితే ఒకే ఎత్తుగడకు కొత్త పేరు, కొత్త సంకేతం, లైన్‌లో అయిదుగురికీ కొత్త అడుగులు. మొదటి ఏడాది సెప్టెంబరులో జట్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

కాబట్టి ఏ అభ్యర్థి పేరు వచ్చినా అడగవలసిన ప్రశ్న: వెంట ఎవరొస్తారు? కిందటి మూడేళ్ళలో ఆయన కోఆర్డినేటర్లు ఎవరు, వాళ్ళు వెళ్ళిపోయినప్పుడు జట్టు పడిందా నిలిచిందా? కోఆర్డినేటర్ పోగానే మ్యాచ్‌కు ఆరు పాయింట్లు పడిపోయే అఫెన్స్ అసలు ఎవరిదో ఆ అంకే చెబుతుంది.

ఇంకొకటి కోఆర్డినేటర్లనే నేరుగా హెడ్ కోచ్ చేయడం. పెద్ద జట్టులో దేశంలోకెల్లా మంచి ఆటగాళ్ళతో డిఫెన్స్ నడిపినవాడు తెలివైనవాడే అయి ఉండవచ్చు. ప్రూయిట్ అలా అలబామా నుంచి వచ్చినవాడే. ఆ మాటకొస్తే జార్జియాకు రెండు టైటిళ్ళు తెచ్చిన కర్బీ స్మార్ట్ కూడా అలబామా డిఫెన్స్ నుంచే వచ్చారు. దేన్నీ కొట్టిపారేయలేం. కాకపోతే హెడ్ కోచ్ పనిలో ఎత్తుగడలు వేయడం ఒక భాగమే. 2025-26 నుంచి ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడు దాని పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు, అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. జట్టులో 105 మంది. ఎవరికెంత, ఏ స్థానానికెంత అన్న చిట్టా రాసుకోవడం, జనవరిలో పోర్టల్ తెరిచిన రెండు వారాల్లో ఆ చిట్టా ప్రకారం కొనడం, అలిగినవాడికి నచ్చజెప్పడం, విరాళాలిచ్చే బూస్టర్ల భోజనాలకు హాజరవడం అన్నీ ఆ కుర్చీలోనే ఉంటాయి. కోఆర్డినేటర్ రికార్డులో వీటి జాడ ఉండదు.

వెతుకులాట రోజుల్లో అభిమానుల సమయం ఎక్కువగా తినేది విమానాలు. బూస్టర్ల, యూనివర్సిటీల చిన్న విమానాల తోక నంబర్లు రాసి పెట్టుకుని, ఎక్కడ ఎగిరి ఎక్కడ దిగిందో ఫ్లైట్ ట్రాకింగ్ వెబ్‌సైట్లలో చూస్తూ కూర్చుంటారు. అందులో దొరికేది తక్కువ. సహాయ కోచ్‌లు ఆటగాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదీ ఆ విమానాల్లోనే, ఆ రోజుల్లోనే. యజమాని కోరితే ఆ సమాచారం సైట్లలో కనబడకుండా దాచవచ్చు. అసలు మాటలు ఏజెంటు ఫోనులో అయిపోతాయి, విమానం వెళ్ళేది బట్టలు సర్దుకున్నాకే. 2007 జనవరిలో నిక్ సేబన్ టస్కలూసాలో దిగినప్పుడు విమానాశ్రయంలో జనం మూగారు. కానీ అప్పటికి అంతా అయిపోయింది. దానికి నెల ముందు అలబామా ఉద్యోగం ఇవ్వజూపింది వెస్ట్ వర్జీనియా కోచ్ రిచ్ రోడ్రిగెజ్‌కు. ఆయన కాదన్నారు. ఆ డిసెంబరులో అలబామా నవ్వులపాలైంది. సేబన్ వచ్చిన మొదటి ఏడు 7-6, అందులో లూసియానా-మన్రో అనే చిన్న జట్టు చేతిలో సొంత మైదానంలో ఓటమి. ఆరు టైటిళ్ళు ఆ తర్వాతి మాట.

పేరు ప్రకటించాక వాదన ఆగిపోతుంది, నిజానికి చదవవలసిన కాగితం అప్పుడే బయటికి వస్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీలైతే రాష్ట్ర సమాచార చట్టాల కింద ఒప్పందం నకలు దొరుకుతుంది. జీతం అంకె మొదటి పేజీల్లోనే ఉంటుంది, దాన్ని వదిలేయవచ్చు. వెతకాల్సినవి: తీసేస్తే మిగతా సొమ్ములో ఎంత శాతం హామీ, కొత్త ఉద్యోగం జీతం మినహాయించే షరతు ఉందా, బయౌట్ ఏ తేదీన తగ్గుతుంది, ఏడాదికి ఇన్ని గెలిస్తే గడువు దానంతటదే పెరిగే వాక్యం ఎక్కడైనా ఉందా, సహాయ కోచ్‌లకు మొత్తం ఎంత కేటాయించారు. ఈ చివరిది కొన్నిసార్లు ఒప్పందంలో కాక విడిగా ఒక లేఖలో ఉంటుంది, దాన్ని పేరు పెట్టి అడగాలి.